కథ కానిదంతా ఒక్కటి కాదు

విద్య అనగానే మనకు చదవడం, వ్రాయడం అనే రెండు మాటలు స్ఫురిస్తాయి. అక్షరాలు కూడబలుక్కొని ఒక పుటను గడగడ చదివిన పిల్లవాడిని చూచి, వీనికి చదువు వచ్చినదని సంతోషిస్తాము. చదివినది ఏ జాతి రచన, దానిని ఎంతవరకు విశ్వసించవచ్చు, చదివిన పిమ్మట ఏమి చేయవలె అనే వివేచన కూడా చదువులో భాగమేనన్న సంగతి మాత్రం తరచుగా మరచిపోతాము. ఆ మరపు వలన కలిగే నష్టం ఎంతటిదో మాకు ఒక చిన్న సంఘటన తెలియజేసినది. ముందుగా దానిని మనవి చేసి, ఆ తరువాత మా అభిప్రాయాన్ని విద్యార్థుల ఎదుట, కళాశాల కార్యవర్గం వారి ఎదుట ఉంచుతాము.

కొంతకాలం క్రిందట మా విద్యార్థి ఒకడు ఒక అచ్చు కాగితం పట్టుకొని మా వద్దకు వచ్చాడు. కాగితం పైభాగాన ప్రభుత్వ ముద్రను పోలిన ఒక బొమ్మ, దాని క్రింద ఒక సంఖ్య, తేదీ, ఆపైన “విషయం”, “సూచిక” అనే శీర్షికలు ఉన్నవి. ఎంపికైన అభ్యర్థులు శిక్షణ రుసుము చెల్లించవలెననీ, శిక్షణానంతరం ఉద్యోగావకాశం లభించగలదనీ అందులోని సారాంశం. దర్జీపని చేసుకొనే అతని తండ్రికి తెలుగు చదవడం రాదు. కొడుకే ఆ కాగితాన్ని చదివి ఉర్దూలో అర్థం చెప్పాడు. తండ్రి నాలుగు వేల రూపాయలు అప్పు చేసి పంపాడు. నెలలు గడిచినవి, పిలుపు రాలేదు. “సార్, ఇది సర్కారు ఉత్తర్వు కదా, ఉద్యోగం ఎందుకు ఇవ్వడం లేదు?” అని ఆ అబ్బాయి మమ్ములను అడిగాడు.

మేము ఆ కాగితాన్ని రెండు పర్యాయాలు చదివాము. అది ఉత్తర్వు కాదు, ఉత్తర్వు వేషం వేసుకొన్న వ్యాపార ప్రకటన. సంతకం చేసినవారి పేరు గాని హోదా గాని లేదు. ఏ శాఖ నుండి వెలువడినదో లేదు. “లభించగలదు” అని ఉన్నదే తప్ప “ఇవ్వబడును” అనే మాట ఎక్కడా లేదు. ఈ లోపాలన్నీ ఆ కాగితంలోనే కంటికి ఎదురుగా ఉన్నవి. అక్షరం పొల్లు పోకుండా చదివిన ఆ అబ్బాయికి మాత్రం అవి కనబడలేదు. ఇంటర్మీడియట్ తెలుగులో అతనికి నూటికి 80 మార్కులు వచ్చినవి. ఆ తెలుగు చెప్పినది మేమే. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పుపట్టవలసి వస్తే మొదటి ముద్దాయిలం మేమే అవుతాము. ఆ దర్జీ సొమ్ము నేటికీ తిరిగి రాలేదు.

ఈ దోషం ఎక్కడ ప్రారంభమైనది? మన వాచకాలను తెరచి చూడండి. పద్యానికి ప్రతిపదార్థం చెబుతాము, అలంకారం చూపుతాము, ఛందస్సు కట్టిస్తాము. కథ వస్తే పాత్రలను గూర్చి, సన్నివేశాలను గూర్చి ముచ్చటిస్తాము. ఈ రెండూ కాని పాఠం వచ్చినప్పుడు మాత్రం, అది జీవిత చరిత్ర కానీ, యాత్రా వర్ణన కానీ, లేఖ కానీ, శాస్త్ర విషయం కానీ, అన్నిటికీ ఒకే మందు: “ఈ పాఠం యొక్క సారాంశమును వ్రాయుము.” పిల్లవాడి దృష్టిలో అవన్నీ కలిసి ‘పాఠం’ అనే ఒకే ముద్దగా మారిపోతున్నవి. అచ్చులో ఉన్నది గనుక నిజం, నిజం గనుక కంఠస్థం చేయవలె, కంఠస్థం చేసినది పరీక్షలో దింపవలె. అంతటితో వాని సంబంధం తీరిపోతున్నది.

ఉర్దూ తరగతుల స్థితి ఇంతకంటె మెరుగుగా లేదు. అక్కడ ‘మజ్మూన్’ అనే ఒక్క మాట బడిపిల్లవాడు ఆవును గూర్చి వ్రాసే పది పంక్తులకూ వర్తిస్తుంది, పత్రికలో పండితుడు వ్రాసే విమర్శకూ వర్తిస్తుంది. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, కార్యాలయ కాగితాలలో ఇంగ్లీషు అనే మూడు దారుల కూడలిలో నిలబడిన మన పిల్లలకు ఈ వివేచన తక్కినవారికంటె ఎక్కువ అవసరం. వారే ఇంటిల్లిపాదికీ చదివిపెట్టేవారు. అమ్మీకి మందుసీసా మీది సూచన, అబ్బాకు బ్యాంకు కాగితం, నానీకి పింఛను పత్రం వారే అర్థం చెప్పాలి. ఆ చదివిపెట్టే బిడ్డ తడబడితే ఇల్లంతా తడబడుతుంది.

కథేతర రచన అనే పేరులోనే ఒక చిక్కు ఉన్నది. అది ఏమి కాదో చెబుతుంది గాని ఏమిటో చెప్పదు. కథ కానిదంతా ఒక్కటే జాతి అనుకోవడం, గుర్రం కాని జంతువులన్నీ ఒక్కటే అనుకోవడం వంటిది. మా దృష్టిలో ప్రతి జాతి రచనకూ పాఠకుడితో ఒక ఒడంబడిక ఉంటుంది. వార్త వ్రాసేవాడు “జరిగినది చెబుతాను” అంటాడు. సంపాదకీయం వ్రాసేవాడు “జరిగినదానిని గూర్చి నేను ఏమనుకొంటున్నానో చెబుతాను” అంటాడు. ఆత్మకథ వ్రాసేవాడు “నాకు జ్ఞాపకం ఉన్నంతవరకు, నాకు తోచినట్లు చెబుతాను” అంటాడు. శాస్త్ర రచయిత “మీరు కూడా పరీక్షించి చూడవచ్చు” అంటాడు. ప్రకటనకర్త “నా సరుకు కొనండి” అంటాడు, తరచుగా ఆ మాట పైకి అనకుండానే అంటాడు. ఏ ఒడంబడిక క్రింద చదువుతున్నామో తెలియని పాఠకుడు, పత్రం చదవకుండా వేలిముద్ర వేసినవానితో సమానం.

ఇది పిల్లలకు బోధపరచడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు. అయిదు ప్రశ్నలు చాలు. ఇది ఎవరు వ్రాశారు? ఎవరి కొరకు వ్రాశారు? ఎందుకు వ్రాశారు? వ్రాసినవారికి ఈ సంగతి ఎట్లా తెలిసినది? చదివిన తరువాత నన్ను ఏమి చేయమంటున్నారు? పదేళ్ల పిల్లవాడు కూడా ఈ ప్రశ్నలు అడగగలడు. ఆ దర్జీ కుమారుడు చివరి ప్రశ్న ఒక్కటి వేసుకొని ఉంటే, “డబ్బు పంపమంటున్నారు” అన్న సమాధానం తోనే మేలుకొని ఉండేవాడు.

ఒక ఉదాహరణ తీసుకొందాము. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరంలో మూసీ నదికి మహా వరద వచ్చినది. కుండపోత వర్షానికి ఎగువనున్న చెరువుల కట్టలు తెగి, ఆ నీరంతా ఒక్కుమ్మడిగా నగరం మీద పడినది. వంతెనలు మునిగినవి, ఒడ్డునున్న పేటలు కొట్టుకొనిపోయినవి, వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఇది ఒకే సంఘటన. దీనిని గూర్చిన రచనలు మాత్రం అనేక జాతులకు చెందినవి.

మొదటిది వార్త. మరునాడు విలేఖరి వ్రాసే వార్తలో ఎక్కడ, ఎప్పుడు, ఏమి జరిగినదన్నది ముఖ్యం. అతడు తొందరలో ఉంటాడు, అతనికి అందిన సమాచారం అసంపూర్ణం. కనుక నేటి వార్తలోని అంకె రేపటికి మారవచ్చు. అది అబద్ధం కాదు, వార్త స్వభావమే అంత.

రెండవది నివేదిక. 1909లో నిజాం ప్రభుత్వం వారి ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరద కారణాలను పరిశీలించారు. ఎంత వాన కురిసినది, ఎంత నీరు పారినది, ఎగువను జలాశయాలు కడితే నగరం ఎట్లా రక్షింపబడుతుంది అనేవి ఆ పరిశీలనలోని విషయాలు. ఆ సూచనల ఫలితంగానే మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో వెలసినవి. ఇటువంటి నివేదికలో కన్నీరు కనబడదు. వ్రాసినవానికి హృదయం లేక కాదు. కన్నీటికి కాక కొలతకు అక్కడ చోటు. నివేదికను చదివి “ఎంత కఠినంగా ఉన్నది” అనే విద్యార్థి, త్రాసును చూచి “దీనికి రుచి తెలియదు” అన్నట్లు.

మూడవది స్మృతి గ్రంథం. అదే విశ్వేశ్వరయ్యగారు 1951లో ‘మెమాయిర్స్ ఆఫ్ మై వర్కింగ్ లైఫ్’ అనే ఇంగ్లీషు గ్రంథంలో తమ హైదరాబాదు పనులను జ్ఞాపకం చేసుకొన్నారు. మనిషి ఒక్కడే, వరద ఒక్కటే. కాని నివేదిక ప్రభుత్వం కొరకు, స్మృతులు రాబోయే తరాల కొరకు. నలువది ఏళ్ల దూరం నుండి చూచేవాడు కొన్నిటిని దగ్గరకు తీసుకొంటాడు, కొన్నిటిని విడిచిపెడతాడు. ఏవి తీసుకొన్నాడు, ఏవి విడిచాడు అన్నది పాఠకుడు గమనించవలె. రచయిత ఒక్కడైనంత మాత్రాన రచనాజాతి ఒక్కటి కాదని పిల్లలకు చూపడానికి ఇంతకంటె మంచి నిదర్శనం మాకు కనబడలేదు.

నాల్గవది చరిత్ర. చరిత్రకారుడు ఆనాడు ఒడ్డున నిలిచినవాడు కాడు. వార్తలను, నివేదికలను, స్మృతులను ఎదురెదురుగా పెట్టి తూచేవాడు. మృతుల సంఖ్యనే చూడండి. సుమారు 15,000 అని విరివిగా చెప్పబడుతున్నది, అంతకంటె చాల ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. ఈ రెండు అంకెలనూ చూపి, “ఏది సరియైనది?” అని పిల్లలను అడగడం కంటె, “ఎవరు లెక్కించారు? ఎట్లా లెక్కించారు?” అని అడగడం మేలు.

వీటికి తోడు జనుల నోట నిలిచిన జ్ఞాపకం ఒకటి ఉన్నది. అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉన్నది. ఆ దినం సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారని చెప్పుకొంటారు. ఇక అమ్జద్ హైదరాబాదీగారు ఉన్నారు. రుబాయీలకు పేరుపొందిన ఆ ఉర్దూ కవి ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తానొక్కడు మిగిలారు. ఆ దుఃఖాన్ని కవితగా చెప్పారు. కవిత కథేతర వచనం కాదు. అయినా దానిని ప్రక్కన ఉంచి చదివితే, తక్కిన రచనలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో పిల్లలకు తెలుస్తుంది. కవితలో చెరువుల లెక్క వెదకరాదు, నివేదికలో తండ్రి గుండె వెదకరాదు. రెండూ సత్యాలే, వేరువేరు ఒడంబడికలు.

మన రెండు భాషలలోనూ ఇటువంటి సంపదకు కొదువ లేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు కాశీయాత్ర చేసి, త్రోవలోని ఊళ్లను, బాటలను, వసతులను, మనుష్యులను నమోదు చేశారు. వారి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. ఆ త్రోవలో హైదరాబాదు కూడా ఉన్నది. ఒక పరాయి ఊరివాని కంటికి మన నగరం ఆనాడు ఎట్లా కనబడినదో అందులో చూడవచ్చు. యాత్రా రచనలో ఊరు ఎంత కనబడుతుందో, చూచేవాడు కూడా అంతే కనబడతాడని పిల్లలకు ఆ పుటలు నేర్పుతాయి.

ఉర్దూలో గాలిబ్ లేఖలు 1868, 1869 సంవత్సరాలలో ‘ఊదె హిందీ’, ‘ఉర్దూయె ముఅల్లా’ అనే సంపుటాలుగా వచ్చినవి. అవి ఒక స్నేహితునికో శిష్యునికో వ్రాసుకొన్న మాటలు. మనం వారి భుజం మీదుగా తొంగిచూస్తున్నాము. కనుక ఇక్కడ “ఎవరి కొరకు వ్రాశారు?” అనే ప్రశ్నే తాళపుచెవి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌గారు 1847లో ఢిల్లీ కట్టడాలను గూర్చి ‘ఆసారుస్సనాదీద్’ వ్రాశారు. 1857 తిరుగుబాటు కారణాలను గూర్చి వారు వ్రాసిన గ్రంథం 1859లో అచ్చయినది. మొదటిది వర్ణన, రెండవది వాదన. మొదటిదానిని కట్టడం ఎదుట నిలిచి సరిచూడవచ్చు, రెండవదానిని మరొక వాదనతో తూచవలె. వారి జీవిత చరిత్రను హాలీగారు ‘హయాతె జావేద్’ అనే పేర 1901లో ప్రకటించినప్పుడు, ఇది చరిత్రకంటె స్తుతికి దగ్గరగా ఉన్నదని షిబ్లీగారు విమర్శించారు. గొప్ప రచయిత మరొక గొప్ప రచయితను ఈ ప్రశ్న అడగగలిగినప్పుడు, మన విద్యార్థులు అడగడానికి జంకనేల?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. చిన్నపిల్లలకు అచ్చుమాటను శంకించడం నేర్పితే పెద్దల యెడల, గ్రంథాల యెడల గౌరవం సన్నగిల్లదా అని మా సహోద్యోగులు కొందరు అడిగారు. వారి భయం సదుద్దేశంతో కూడినదే. కాని విచారణ వేరు, అగౌరవం వేరు. హదీసు విద్వాంసులు ప్రతి వాక్యానికీ ఇస్నాద్ అడిగారు. ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు, ఆ రావీ సత్యసంధుడా, జ్ఞాపకశక్తి గలవాడా అని ఒక్కొక్కరి జీవితాన్ని పరిశీలించి ‘అస్మావుర్రిజాల్’ అనే శాస్త్రాన్నే నిర్మించారు. ప్రవక్త యెడల వారికి గల ప్రేమయే ఆ విచారణకు కారణం. వార్త తెచ్చినవానిని బట్టి నిజానిజాలు విచారించుకొమ్మని ఖురాన్‌లోని హుజురాత్ సూరా కూడా ఆదేశిస్తున్నది. న్యాయశాస్త్రం వారు శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూనే, అది ఆప్తుని వాక్యమై ఉండవలెనన్నారు. మన ఇరుగుపొరుగు సంప్రదాయాలు రెండూ ఏకీభవించిన ఈ విషయాన్ని తరగతి గదిలోకి తెచ్చుకొనడానికి వెనుకాడవలసిన పని లేదు.

వెనుకాడితే నష్టం డబ్బుతో పోదు. నేడు ప్రతి చేతిలోనూ ఫోను ఉన్నది. వార్త వేషంలో వదంతి వస్తుంది, చరిత్ర వేషంలో ద్వేషం వస్తుంది, వైద్య సలహా వేషంలో వ్యాపారం వస్తుంది. ఎవరు వ్రాశారో లేదు, ఎప్పటిదో లేదు, చివరన మాత్రం “పదిమందికి పంపండి” అని ఉంటుంది. ఒక పేట ప్రశాంతంగా నిద్రపోవడం, పోకపోవడం కొన్ని సందర్భాలలో ఆ సందేశాన్ని చదివిన ఒక విద్యార్థి వివేకం మీద ఆధారపడి ఉంటుంది. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో పనిచేసే మాకు ఇది పుస్తకాలలోని సమస్య కాదు.

కనుక కార్యవర్గం వారికి కొన్ని మనవులు చేస్తున్నాము. వీటికి పెద్ద ఖర్చు లేదు. మొదటిది, వారానికి ఒక గంట గ్రంథాలయంలో పత్రికా పఠనానికి కేటాయించవలె. ఒకే దినం వచ్చిన తెలుగు పత్రికను, ఉర్దూ పత్రికను ప్రక్కప్రక్కన ఉంచి, ఒకే వార్తను రెండింటిలోనూ చదివించవలె. ఏది వార్త, ఏది అభిప్రాయం, ఏది డబ్బిచ్చి వేయించిన ప్రకటన అని విద్యార్థులే గుర్తుపెట్టవలె. రెండవది, కళాశాల అంతర్గత పరీక్షలలో సారాంశ ప్రశ్నకు తోడు ఒక అపరిచిత ఖండిక ఇచ్చి, “ఇది ఏ జాతి రచన? ఎట్లా తెలిసినది?” అని అడగవలె. మార్కులు లేనిది విద్యార్థి చదవడన్న లోకజ్ఞానం మాకూ ఉన్నది.

మూడవది, ఈ వార్షిక సంచికనే అభ్యాసశాలగా చేయవలె. ఏటా మనకు గజళ్లు, గేయాలు, కథానికలు పుష్కలంగా వస్తున్నవి. సంతోషమే. కాని తన తాతగారి వృత్తిని గూర్చి అడిగి తెలుసుకొని జీవిత చిత్రం వ్రాసిన విద్యార్థి, తన పేటలోని నీటి ఇబ్బందిని గూర్చి ఇల్లిల్లూ తిరిగి నివేదిక వ్రాసిన విద్యార్థిని అరుదు. అటువంటి రచనలకు రెండు భాషలలోనూ ఒక్కొక్క బహుమతి ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము.

విద్యార్థులకు మా మనవి ఒకటే. మీలో పలువురు రేపు ఉపాధ్యాయులు కాబోతున్నారు. అంతకు ముందే మీ ఇంటిలో తమ్ముడో చెల్లెలో మీ వద్ద పాఠం చెప్పించుకొంటూ ఉంటారు. ఈ సెలవులలో వారిని కూర్చోబెట్టుకొని, ఇంట్లో దొరికే కాగితాలనే పరచండి. బస్సుల వేళల పట్టిక, మందుపెట్టెలోని సూచన, పెండ్లి పిలుపు, పాత ఉత్తరం, విద్యుత్తు బిల్లు, పత్రికలోని ఒక ముక్క, ఒక ప్రకటన. ఆ అయిదు ప్రశ్నలూ అడగండి. సమాధానాలు మీరు చెప్పకండి, వారిని వెదకనివ్వండి. ఒక గంటలో ఆ పసివాడు నేర్చుకొనేది, మేము ఏడాదిలో కంఠస్థం చేయించేదానికంటె ఎక్కువ ఉంటుందని మా నమ్మకం.

ఆ దర్జీ కుమారుడు ఇప్పటికీ మా తరగతిలోనే ఉన్నాడు. మొన్న ఒకనాడు పాఠం ముగిసిన తరువాత నిలబడి, “సార్, ఈ పాఠం వ్రాసినవారికి ఈ సంగతి ఎట్లా తెలిసినది?” అని అడిగాడు. తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. ఆ ప్రశ్నకు సమాధానం మాకు అప్పటికి తెలియదు. మరునాడు గ్రంథాలయంలో వెదకి, తెలిసినంతవరకు చెప్పాము. అధ్యాపకుడు కూడా వెదకవలసి వచ్చే ప్రశ్నలు మన తరగతులలో పెరుగుగాక అని ఆశిస్తూ, ఈ నాలుగు మాటలను కార్యవర్గం వారి పరిశీలనకు సవినయంగా సమర్పిస్తున్నాము.